ఇంట పొయ్యి లేని గ్రామము

వంటిల్లు లేని యిల్లు మనమెవ్వరమును చూచియుండము. ఇల్లు కట్టబూనినపుడు మన పెద్దలు ముందుగా వంటకు ఆగ్నేయపు మూలను ఏర్పరచి, పిమ్మటనే తక్కిన గదుల మాట తలపెట్టుదురు. గృహప్రవేశమునాడు పాలు పొంగిన తరువాతనే అది మన యిల్లగును. పొయ్యిలోని పిల్లి లేవలేదన్న మాటకంటె లేమిని తెలుపు మాట మన భాషలో వేరొకటి లేదు. అట్టి మనకు, ఒక దేశమున ఏడు గ్రామములవారు తమ యిండ్లలో వంటపొయ్యి యనునదే లేకుండ 77 ఏండ్లు కాపురములు చేసిరనిన నమ్మశక్యము కాదు. వారు బీదలు కారు, సన్న్యాసులును కారు. ఆలుబిడ్డలతో, పాడిపంటలతో తులతూగిన గృహస్థులు. వారి కథను సోదరీమణులకు చెప్పవలెనని కొంతకాలముగా నా మనసున నున్నది.

మా అమ్మాయి అమెరికాలో అయోవా రాష్ట్రమున సీడర్ రాపిడ్స్ అను పట్టణమున కాపురమున్నది. భార్యాభర్తలిరువురును ఉద్యోగస్థులు. మనుమనికి అప్పుడు మూడవయేడు. అమ్మాయికి మరల నెల తప్పగా, తోడుగా నుండుటకై నేనచ్చటికి వెళ్లి ఆరు మాసములుంటిని. ఆమె ఉదయము ఎనిమిది గంటలకు పోయి, సాయంకాలము ఆరు గంటలకు వచ్చి, కాళ్లు కడుగుకొని తిన్నగా పొయ్యి యొద్దకు పోవుట అలవాటు. నేనున్నన్నాళ్లు ఆ పని నాది. నేను తిరిగి వచ్చిన పిమ్మట దాని గతి యేమి? "ఇద్దరు బిడ్డలను, ఉద్యోగమును, వంటను నేనొక్కతెను మోయలేనమ్మా. ఉద్యోగమే మానుకొందునేమో" అని ఒకనాటి రాత్రి గిన్నెలు సర్దుచు అన్నది. ఎంతో శ్రమపడి చదివిన చదువు; ఇష్టపడి చేయుచున్న పని. మానుమని చెప్పుటకు నాకు నోరు రాలేదు; మానవద్దని చెప్పుటకు దారి తోచలేదు. ఈ చిక్కును మనసున పెట్టుకొనియే, ఒక ఆదివారము వారితో కలిసి ఇరువది మైళ్ల దూరముననున్న అమానా గ్రామములను చూడబోయితిని.

ఆ గ్రామములను నెలకొల్పినవారు జర్మనీ దేశస్థులు. 1714లో ఎబర్‌హార్డ్ గ్రూబర్ అను మాజీ మతాచార్యుడును, యోహాన్ రాక్ అను జీను కుట్టువాడును కలిసి ఒక భక్తబృందమును స్థాపించిరి. పూర్వకాలమున ప్రవక్తల నోట పలికిన దేవుడు నేటికిని భక్తుల నోట పలుకగలడని వారి విశ్వాసము. అట్లు పలుకబడినవారిని వారు దేవుని "పనిముట్లు" అని పిలిచెడివారు. యుద్ధమునకు పోమనియు, న్యాయస్థానములలో ప్రమాణము చేయమనియు, ప్రభుత్వపు బడులకు బిడ్డలను పంపమనియు వారు పట్టుబట్టగా, దొరతనమువారు వారిని పలు విధముల బాధించిరి. చెరసాలలు, జరిమానాలు, దేశబహిష్కారము – అన్నియు అనుభవించిరి.

వారిలో ఒక స్త్రీ కథ నన్ను మిక్కిలి ఆకర్షించినది. ఆమె పేరు బార్బరా హైనెమాన్. 1795లో పుట్టినది. చదువు సంధ్యలు లేవు. చిన్ననాటనే కూలిపనికిని, దాసీపనికిని పోయిన పేదపిల్ల. 1818లో ఆమె నోట దైవవాక్కు వెలువడినదని బృందమువారు అంగీకరించిరి. తరువాత స్వయంకృషిచే చదువను వ్రాయను నేర్చుకొన్నది. 1823లో ఆమె వివాహమాడగా, ఆ వాక్కు ఆమెను విడిచిపోయినదని చెప్పిరి. ఇరువదియారేండ్లు మౌనముగా గడచినవి. మరల 1849లో ఆమె పలుకనారంభించెను. 1883లో ఆమె మరణించిన తరువాత ఆ సంఘమున దైవవాక్కు పలికినవారు మరెవ్వరును లేరు. మగవారే పెద్దలుగానున్న సంఘమునకు కడపటి ప్రవక్త ఒకప్పటి పనిపిల్ల యగుట చిత్రము కాదా!

1842లో క్రిస్టియన్ మెట్జ్ అను వడ్రంగి నాయకుడై కొందరిని వెంటబెట్టుకొని సముద్రము దాటెను. న్యూయార్క్ రాష్ట్రమున బఫెలో పట్టణము చెంత, సెనెకా యను ఆదివాసుల భూమిని కొని, ఎబెనీజర్ అను పేర గ్రామములు కట్టిరి. కలవారు, లేనివారు కలిసి ఎనిమిదివందలకు పైగా వచ్చిరి. ఓడకూలికి చాలని బీదలను కలవారు ఆదుకొనిరి. అందుచే ఆస్తియంతయు ఉమ్మడిగా నుంచుకొనుట మేలని నిశ్చయించుకొనిరి. కాని పట్టణము పెరిగి గ్రామములమీదికి రాసాగెను. భూమి ధర హెచ్చెను. పిల్లల మనసులు పట్టణపు వేడుకలవైపు మరలునని పెద్దలకు బెంగ పట్టెను. కావున 1855లో మరల మూటముల్లె కట్టి, పడమటి దిక్కున అయోవా నది యొడ్డుకు చేరిరి. బైబిలులోని పరమగీతము నుండి అమానా యను పేరు తీసికొని ఊరికి పెట్టిరి. నమ్మికతో నిలుచుట యని దాని భావము. ఒక్కొక్క గ్రామము వెలసి, 1861లో రైలుమార్గము కొరకు హోమ్‌స్టెడ్ అను ఊరిని కొనుటతో ఏడు గ్రామములైనవి. సుమారు 26,000 ఎకరముల భూమి, ఉన్నిబట్టల మిల్లులు, పిండిమరలు, కమ్మరి, వడ్రంగి శాలలు అన్నియు సంఘమునవే. ఇండ్లు సంఘమువారివి, వైద్యుడు సంఘమువాడు. జీతమన్నది లేదు. సరుకుల కొట్టులో ఒక్కొక్కరికి ఏటేట కొంత పద్దు మాత్రము వ్రాసియుంచెడివారు. వారానికి పదునొకండు మారులు ప్రార్థన. అందులో స్త్రీలొక ప్రక్క, పురుషులొక ప్రక్క.

ఇక వంట సంగతి. ఏడు గ్రామములలో కలిసి ఏబదికి పైగా ఉమ్మడి వంటశాలలుండెడివి. ఒక్కొక్క శాలలో ముప్పది నలువదిమంది భుజించెడివారు. ప్రతి వంటశాలకు ఒక పెద్ద వంటకత్తె, ఆమెయే యజమానురాలు. ఆమెకు లోబడి కొందరు వయసు స్త్రీలు. బాలికలు బడి ముగించి పదునాలుగవయేట వంటశాలలో ప్రవేశించెడివారు. ఒక వారము వంట, ఒక వారము కూరలు తరుగుట, ఒక వారము గిన్నెలు కడుగుట – ఇట్లు వంతులు మారుచుండెను. ఉదయపు ఫలహారము, నడుమ చిరుతిండి, మధ్యాహ్న భోజనము, మరల చిరుతిండి, రాత్రి భోజనము – దినమునకు అయిదు పర్యాయములు బల్లలు సర్దవలెను! ప్రతి శాలకును రెండు మూడెకరముల కూరతోట. అదియు స్త్రీల పాలనమే. పురుషులకొక బల్ల, స్త్రీలకొక బల్ల. భోజనమునకు ముందును, తరువాతను ప్రార్థన. నడుమ మాటలు లేవు. తినుటకు వచ్చితిమి గాని ముచ్చటలకు గాదని వారి నియమము.

మిడిల్ అమానా గ్రామములో ఒక వంటశాలను 1932లో ఉన్నదున్నట్లు నిలిపియుంచినారు. నేను దానిని చూచితిని. ఇటుకలతో కట్టిన పొడవాటి పొయ్యి. గోడకు వ్రేలాడు పెద్ద గరిటెలు. మన పెండ్లివంటల నాటి గుండిగలను తలపించు పాత్రలు. తోమి తోమి తెల్లబారిన బల్లలు. ఆ బల్ల అంచు నరిగిన చోట చేయి పెట్టి కొంతసేపు నిలిచితిని. అమ్మాయి నా ప్రక్కకు వచ్చి, "అమ్మా, వీరికి ఇంటికి పోయిన తరువాత వంటపని లేదు కదా! ఎంత అదృష్టవంతులు!" అన్నది. అల్లుడు నవ్వి, "దినమునకు అయిదు మారులు నలువదిమందికి వండిన తరువాత ఇంటిలో వంట యెందుకు?" అనెను. ఇద్దరి మాటలోను నిజమున్నది.

ఆ స్త్రీల మేలు నేనెన్ని చూచితిని. ఏ స్త్రీయు ఒంటరిగా పొయ్యి యెదుట నిలువలేదు. జబ్బుపడినచో వంట ఆగలేదు, మరొకతె అందుకొన్నది. బిడ్డను కన్న తల్లికి బిడ్డ యెదుగుదాక వంటశాల పని లేదు. భోజనము బుట్టలో ఇంటికి వచ్చెడిది. బిడ్డకు మూడేండ్లు రాగానే శిశుపాఠశాల యుండెను; వృద్ధులగు స్త్రీలచ్చట ఆడించుచు, అల్లిక నేర్పుచు నుండెడివారు. వితంతువునకు పిడికెడు మెతుకులకై ఒకరి గుమ్మము కాచుకొను గతి లేదు.

కీడును ఎన్నవలెను కదా. బిడ్డకు మూడేండ్లు నిండగానే తల్లి మనసు ఒప్పినను ఒప్పకున్నను పనికి తిరిగి రావలసినదే. తన భర్తకేది యిష్టమో, తన బిడ్డకేది పడదో ఎరిగి వండిపెట్టుకొను స్వాతంత్ర్యము ఆమెకు లేదు. సంఘపు పెద్దలలో స్త్రీ లేదు. వంటశాలలో ఏలిక యైనను, ఊరి వ్యవహారములలో ఆమె మాట చెల్లదు. పురుషుడు గడియారపు పనియో, ఉన్నిపనియో, వ్యవసాయమో చేయవచ్చును. బాలికకు మాత్రము పదునాలుగవయేడు రాగానే గరిటె తప్పదు. భారమును పంచుకొనిరి, కాని స్త్రీలలో స్త్రీలే పంచుకొనిరి.

ఇరువదవ శతాబ్దము రాగా, భోజనము బుట్టలలో ఇంటికి తీసికొనిపోయి, భార్యాభర్తలు బిడ్డలతో కూర్చుండి తినుట వాడుకైనది. నియమమును ఎవ్వరును బహిరంగముగా ఎదిరింపలేదు. బుట్టలు మాత్రము హెచ్చినవి. దీనిని నేను మిక్కిలి ఆలోచించితిని. మౌనముగా తినుమన్న పెద్దల కట్టడిని ఇంటి ముచ్చటల మీది మక్కువ మెల్లగా జయించినది. 1923లో అగ్నిప్రమాదమున ఉన్నిమిల్లును, పిండిమరయు దగ్ధమైనవి. తరువాత దేశమంతట ఆర్థికమాంద్యము వచ్చినది. యువకులు ఊరు విడువసాగిరి. కడకు సంఘమువారు అందరి యభిప్రాయమును అడిగి, అధికసంఖ్యాకుల సమ్మతితో 1932లో ఉమ్మడి జీవనమును చాలించిరి. మతమొకటి, వ్యాపారమొకటిగా విడదీసిరి. దీనిని వారు మహాపరివర్తనమని చెప్పుకొందురు. వంటశాలలు మూతపడినవి. ఇంటింట పొయ్యి వెలసినది. నలువదిమందికి ఉప్పు వేయ నేర్చిన చేతులు నలుగురికి వేయ నేర్చుకొనవలసివచ్చెను.

ఇందులో మరొక వింత యున్నది. ఆ మిడిల్ అమానా గ్రామముననే 1934లో జార్జ్ ఫోర్‌స్ట్‌నర్ అను నతడు శీతలయంత్రముల కర్మాగారము స్థాపించెను. 1967లో ఆ కర్మాగారపు పేరుతోనే ఇంటి బల్లమీద అమర్చుకొనదగిన మైక్రోవేవ్ పొయ్యి బజారులోనికి వచ్చినది. దాని వెల 495 డాలర్లు. ఇంట పొయ్యి యుండరాదన్న ఊరి పేరు కోట్ల వంటిండ్లలోని పొయ్యిమీదికెక్కినది! మా అమ్మాయి యింటను అట్టిదొకటి యుండెను. అది అన్నమును వేడిచేయును గాని, కూర తరుగదు, గిన్నె తోమదు, రేపేమి వండవలెనని చింతింపదు. యంత్రము పనిని తగ్గింపగలదు. పని ఎవరిదను ప్రశ్నను తీర్పలేదు.

ఇంటికి వచ్చిన తరువాత మేము మువ్వురము కూర్చుండి మాటలాడుకొంటిమి. ఆ వీథిలో మరి రెండు తెలుగు కుటుంబములున్నవి. వారి యిండ్లలోను ఇదే చిక్కు. నేను వారిని భోజనమునకు పిలిచి, అమానా సంగతి చెప్పి, ఒక యేర్పాటు సూచించితిని. మూడిండ్లవారును వారమునకు రెండేసి దినములు మూడిండ్లకు సరిపడ వండవలెను. ఆదివారము ఎవరి యింట వారు తమ యిష్టము వచ్చినది వండుకొనవలెను. వండిన యింట కూర తరుగుటయు, గిన్నెలు కడుగుటయు మగవారి వంతు. ఈ చివరిమాటకు ఒకాయన కొంచెము తటపటాయించెను. మా అల్లుడు మాత్రము, "అత్తయ్యగారూ, గిన్నెల సంగతి నాకు విడిచిపెట్టండి, ముందు పప్పు నేర్పండి" అనెను. నేను బయలుదేరు నాటికి అతని పప్పుచారు తినదగియుండెను. అమ్మాయి ఉద్యోగము మానలేదు. ప్రసవమునకు సెలవు తీసికొని, తిరిగి పనిలో చేరినది. బాలింతగా నున్నప్పుడు పథ్యపు వంట తక్కిన రెండిండ్ల నుండియే వచ్చినది.

అమానావారి కట్టడి మనకు వలదు. మౌనమును వలదు, ముచ్చటలు లేని అన్నము అరుగదు. కాని ఒకతె భారమును పదిమంది ఎత్తుకొనవచ్చునను నీతి మాత్రము తీసికొనదగినది. దానికి రెండు మాటలు నేను చేర్చుచున్నాను: ఆ పంపకము ఎవరికి వారు ఇష్టపడి చేసికొన్నదై యుండవలెను, అందులో మగవారికిని వంతుండవలెను. మన పట్టణములలో ఒక్కొక్క మేడలో ఇరువది ముప్పది వంటిండ్లలో, ఒకే వేళను, ఒకే పప్పును, ఇరువది ముప్పదిమంది స్త్రీలు వేర్వేరుగా ఉడికించుచు అలసిపోవుచున్నారు. పొరుగింటి తలుపు తట్టి, "వదినా, రేపు నీవు వండుము, ఎల్లుండి నేను వండెదను" అని ఒక్కమారు అడిగి చూడరాదా?