ట్రోమ్సో నుండి లాంగియర్‌బ్యెన్‌కు

నార్వే దేశానికి ఉత్తరాన ట్రోమ్సో అనే పట్టణమున్నది. అక్కడి నుండి ఇంకా ఉత్తరంగా, సముద్రము మీదుగా సుమారు 960 కిలోమీటర్లు ఎగిరితే స్వాల్‌బార్డ్ దీవులలోని లాంగియర్‌బ్యెన్ వస్తుంది. మనము సికింద్రాబాదులో రాత్రి రైలెక్కి తెల్లవారి విశాఖపట్నములో దిగుతామే, ఆ దూరము కంటే ఇది ఎక్కువ. విమానానికి పట్టేది గంటా నలభై నిమిషాలు.

ప్రభువు కృపను బట్టి సెప్టెంబరు నెలలో మేము ఆ ప్రయాణము చేశాము. రెండు ఊళ్లూ నార్వేవే అయినా ట్రోమ్సోలో పాస్‌పోర్టు చూపించవలసి వచ్చింది. 1920లో జరిగిన ఒప్పందము వలన స్వాల్‌బార్డ్‌కు వేరే నియమాలున్నాయి. ఆ ఒప్పందములో భారతదేశము కూడా ఉన్నదని చాలామందికి తెలియదు.

దారి పొడవునా మేఘాలే. చివరకు చెట్టన్నది లేని కొండలు, మంచు కనబడ్డాయి. ఆ రన్‌వే ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మీద వేసినది. పైపొర కరిగితే అది ఎగుడుదిగుడు అవుతుంది గనుక మరమ్మతులు తప్పవు.

ఈ విమానాశ్రయము 1975లో ప్రారంభమైంది. అంతకు ముందు సముద్రము గడ్డకట్టిన నెలల్లో ఓడలు రావు. చలికాలమంతా బొగ్గు గని కార్మికులు లోకానికి దూరమై ఉండేవారు. ఉత్తరాలను విమానము పైనుండి జారవిడిచేది. 1959లో ఒక ఉద్యోగికి జబ్బు ముదిరితే, అడ్వెంట్ లోయలో గడ్డకట్టిన నేలను చదును చేసి విమానాన్ని దింపారు. (అడ్వెంట్ అనగానే మనకు క్రిస్మసుకు ముందు వచ్చే ఆదివారాలు గుర్తుకు వస్తాయి. కాని అది అడ్వెంచర్ అనే మాట అరిగిపోయి మిగిలిన పేరు!)

దారి దగ్గరైనంత మాత్రాన భయము పోలేదు. 1996 ఆగస్టు 29న మాస్కో నుండి వచ్చిన విమానమొకటి దిగబోతూ, మబ్బులలో ఆపెరా కొండను ఢీకొన్నది. లోపలున్న 141 మందీ చనిపోయారు. వారిలో ఎక్కువమంది రష్యా గనులకు పనికి వస్తున్న కార్మికులు, వారి భార్యాపిల్లలు. విమానాశ్రయము ఇంకా 14 కిలోమీటర్లే ఉన్నది. ఆ కొండ వైపు చూసినప్పుడు మాలో ఎవరికీ మాట రాలేదు.

ఊరిలో లూథరన్ మందిరమున్నది. 1921లో కట్టిన మొదటి మందిరము 1943లో జర్మన్ యుద్ధనౌకల దాడిలో కాలిపోయింది. ఇప్పటిది 1958లో ప్రతిష్ఠించబడింది. వాకిట్లోనే చెప్పులు విప్పాలి. మన పల్లె మందిరాలలో లాగానే అని మేము సంతోషించాము. అయితే అక్కడి కారణము వేరు. గని నుండి వచ్చేవారి బూట్ల బొగ్గు మసి లోపలికి రాకూడదని మొదలైన అలవాటది. ఊరికి దగ్గరలోని చివరి నార్వే గని 2025లో మూతపడింది. చెప్పులు మాత్రము ఇంకా వాకిట్లోనే.

ఆ ఊరి ఆసుపత్రి చిన్నది. గర్భిణీ స్త్రీలు నెలలు నిండడానికి సుమారు మూడు వారాల ముందే విమానమెక్కి పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్లిపోవాలి. తిరుగు ప్రయాణములో మా ముందు వరుసలో అటువంటి తల్లి ఒకామె కూర్చున్నది. పక్కన నాలుగేళ్ల పాప. ట్రోమ్సోలో తన అక్క ఇంట్లో ఉంటానని చెప్పింది. భర్తకు సెలవు ఇంకా దొరకలేదట. నొప్పులు మొదలైనాయని కబురు అందగానే బయలుదేరుతాడట, ఆ రోజు విమానము ఎగరగలిగితే.