పాస్‌వర్డ్ ఎవరి అమానత్?

మా భాంజా నన్ను ఒక్క మాటే అడిగాడు.

"మామూ, ఓ పాస్‌వర్డ్ మేరేకు భీ దేవో నా."

వాడి పాటల చానల్ పాస్‌వర్డ్. పాడేది వాడు. మొహం వాడిది. గొంతు అల్లా వాడికిచ్చింది. చానల్ మాత్రం నా జీమెయిల్ మీద ఉంది. పైసలు పడే బ్యాంకు ఖాతా నాది. పాస్‌వర్డ్ నా దిమాగులో ఉంది.

"ఎందుకురా? నా మీద భరోసా లేదా?" అన్నాను.

"అట్ల కాదు మామూ" అని తల దించుకున్నాడు. సగం చాయ్ వదిలేసి లేచి పోయాడు.

ఆ రాత్రి నాకు నీంద్ పట్టలేదు. గుస్సా అంతా వాడి మీదే. మైక్ ఎవరు కొన్నారు? ట్రైపాడ్ ఎవరు తెచ్చారు? రాత్రి దుకాణం షటర్ దించాక రెండు గంటల దాకా కూర్చుని వీడియోలు కోసి అతికించింది ఎవరు? ఇన్ని ఎహ్సాన్లు చేస్తే ఇదా సిలా?

పటాన్‌చెరులో నాది చిన్న ఆన్‌లైన్ సెంటర్. జిరాక్సులు, ఆధార్ ప్రింట్లు, నౌకరీ దర్ఖాస్తులు. భాంజా పాశమైలారంలో ఒక కంపెనీలో ఠేకా మజ్దూర్. పన్నెండు గంటల షిఫ్టు. ఫజర్ తర్వాత, ఇస్నాపూర్‌లో మా ఆపా వాళ్ల ఇంటి ఛత్ మీద, హైవే మీద లారీల మోత కొంచెం తగ్గిన వేళ చూసి పాడేవాడు. నాత్‌లు పాడతాడు, పల్లె పాటలూ పాడతాడు. యూట్యూబ్‌లో వీడియోల మీద యాడ్ల పైసలు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూడాలి. అది దాటినా వంద డాలర్లు జమైతే గానీ బ్యాంకులో పడవు. అంత దాకా తెచ్చింది మేమిద్దరమే. అందుకే గుస్సా.

గుస్సాలో ఉండగా ఒక సినిమా యాదికొచ్చింది. 2022లో వచ్చిన 'ఎల్విస్'. నా దుకాణంలోని కంప్యూటర్ మీద ఈ భాంజాతోనే కూర్చుని చూశాను. అందులో మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ వేషం టామ్ హాంక్స్ వేశాడు. చూస్తున్నంతసేపు ఆ మేనేజర్‌ను ఇద్దరం తెగ తిట్టుకున్నాం. "జాలిమ్ ఉన్నడు మామూ" అన్నాడు వాడు. నేనూ గట్టిగా హా అన్నాను.

తర్వాత ఆ కథ గురించి వెతికి చదివాను. ఎల్విస్ ప్రెస్లీ మెంఫిస్‌లో ఒక ఎలక్ట్రిక్ కంపెనీకి ట్రక్కు తోలిన గరీబు పిలగాడు. మన రోడ్డు మీద ఏ ట్రక్కు ఆపినా అట్లాంటి పిలగాడు దిగుతాడు. 1955లో పార్కర్‌తో కాగితం రాసుకునే నాటికి వాడికి ఇరవయ్యేళ్లు. ఇరవై ఒకటి నిండలేదని తండ్రి కూడా దస్తఖత్ పెట్టాడు. అదే ఏడు చివర సన్ రికార్డ్స్ నుంచి ఆర్‌సీఏ కంపెనీ 35,000 డాలర్లు పెట్టి ఎల్విస్‌ను కొనుక్కుంది. ఆ సౌదా కుదిర్చింది పార్కరే. మరుసటి ఏడు ఎల్విస్ పేరు దేశమంతా మోగింది. పార్కర్ లేకుంటే ఆ పేరు మనదాకా వచ్చేదో లేదో. అది ఒప్పుకోవాలి.

పార్కర్ కల్నల్ కాదు. 1948లో లూసియానా గవర్నర్ ఇచ్చిన ఉత్త గౌరవ బిరుదు అది. టామ్ పార్కరూ కాదు. 1909లో నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో పుట్టిన ఆండ్రియాస్ కార్నెలిస్ వాన్ కైక్. కాగితాలు లేకుండా అమెరికా చేరి, అక్కడే పుట్టానని చెప్పుకుంటూ జిందగీ గడిపాడు. ఆయనకు అమెరికా పాస్‌పోర్ట్ లేదు. ఎల్విస్ దునియా మొత్తానికి పాడినా, అమెరికా బయట కచేరీలు చేసింది కెనడాలో మూడు ఊళ్లలోనే, అదీ 1957లోనే. పిలుపులు ఎన్నో వచ్చాయి. పార్కర్ వద్దన్నాడు. తాను సరిహద్దు దాటితే తిరిగి రానివ్వరన్న ఖౌఫ్‌తోనే వద్దన్నాడని చాలామంది నమ్ముతారు.

ఇది చదివిన నాడు నవ్వుకున్నాను. నీంద్ పట్టని ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు. గుల్బర్గాలో ఒక షాదీ ప్రోగ్రాంకు భాంజాను పిలిచారు. ఫోన్ నాకే వచ్చింది, చానల్ మీద ఉన్న నంబర్ నాదే కదా. "పైసలు తక్కువిస్తరు, వద్దులే" అని వాడికి చెప్పాను. అసలు సంగతి పైసలు కాదు. మూడు రోజులు దుకాణం మూసి వాడి వెంట పోవడం నాకు కుదరదు. నేను లేకుండా వాడు పోవడం నాకు నచ్చదు. ఆ రెండో ముక్క వాడికి చెప్పలేదు. అప్పటిదాకా నాకు నేనూ చెప్పుకోలేదు.

పార్కర్ మొదట నూటికి ఇరవై ఐదు తీసుకునేవాడు. 1967లో కొత్త కాగితం రాసుకున్నాక కొన్ని ఆదాయాల్లో సగానికి సగం. 1973లో ఎల్విస్ పాత పాటల మీద ముందు ముందు వచ్చే రాయల్టీలన్నీ 54 లక్షల డాలర్లకు ఆర్‌సీఏకు అమ్మేశారు. అందులోనూ పార్కర్‌కు సగం. అదే ఏడు ఒకసారి ఇద్దరికీ జగడమైంది. ఎల్విస్ నువ్వు నాకొద్దు పో అన్నాడు. పార్కర్ సరే అని, అంతవరకు తనకు రావాల్సిన బాకీల లెక్క తీసి పెద్ద మొత్తం ముందు పెట్టాడు. ఎల్విస్ వెనక్కి తగ్గాడు.

నేను మైకూ ట్రైపాడూ లెక్కపెట్టింది ఎందుకో అప్పుడు సమజైంది. నాదీ అదే చిట్టా.

1977 ఆగస్టు 16న ఎల్విస్ పోయాడు. 42 ఏళ్లు. తర్వాత చిన్నపిల్లైన కూతురి హక్కుల కోసం మెంఫిస్ కోర్టు ఒక వకీలును పెట్టి హిసాబ్ తీయిస్తే, పార్కర్ వాటా హద్దు మీరిందని తేలింది. హిసాబ్ అడిగే నాటికి అడగాల్సిన మనిషి ఖబర్‌లో ఉన్నాడు.

మా అబ్బా కూడా పాశమైలారంలోనే ఠేకేదార్ కింద పనిచేశాడు. ఠేకేదార్ మంచోడే అనేవాడు. ఈద్‌కు అడ్వాన్సు ఇచ్చేవాడు, అమ్మీకి బీమారైతే ఆటో పంపేవాడు. కానీ హాజరీ బుక్కు ఎప్పుడూ ఆయన చంకలోనే. ఎన్ని ఓటీలు రాశాడో అబ్బా ఒక్కసారీ చూడలేదు. అడిగితే "నా మీద భరోసా లేదా?" అనేవాడట. అప్పటి 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం ఠేకేదార్ జీతం ఇచ్చేచోట అసలు కంపెనీ మనిషి నిలబడి చూడాల్సి ఉండేది. అబ్బాకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. నా దుకాణంలో అట్లాంటి దర్ఖాస్తులు నేనే టైపు చేస్తాను. ఠేకేదార్ మాటనే నా భాంజాకు నేను హర్ఫ్ బై హర్ఫ్ అప్పజెప్పాను.

మంచోడు కావడం వేరు, బుక్కు చూపించడం వేరు. ఇది నాకు నలభై దాటాక, అదీ ఇంటి పిలగాడి ముందు షర్మిందా అయితే గానీ తెలియలేదు.

జుమ్మా నమాజ్ తర్వాత ఇస్నాపూర్ పోయాను. ఆపా బగారా అన్నం వడ్డించింది. భాంజా నా వైపు చూడకుండా తిన్నాడు. తిన్నాక వాడి ఫోన్ తీసుకుని చానల్‌కు వాడిని కూడా ఓనర్‌గా చేర్చాను. నంబర్ మార్చి వాడిది పెట్టాను. బ్యాంకు ఖాతా మార్చే దర్ఖాస్తు ఎట్ల పెట్టాలో చూపించాను. గుల్బర్గా వాళ్ల ఫోన్ నంబర్ ఇచ్చి, అసలు ఎందుకు వద్దన్నానో చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం తడబడింది.

"మామూ, నువ్వు ఇడ్సిపెడ్తున్నవా నన్ను?" అన్నాడు భయంగా.

"లేదురా. నౌకరీకి పెట్టుకో. ఎంతిస్తవో నువ్వే చెప్పు" అన్నాను. ఆపా నవ్వింది. వాడు నవ్వలేదు, నిజంగానే ఆలోచించాడు. వచ్చిన దాంట్లో నూటికి పదిహేను అన్నాడు. ఇరవై అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

చివరికి సంచిలోంచి నోట్‌బుక్ తీసి వాడి చేతిలో పెట్టాను. మొదటి రోజు నుంచి నేను రాసిన ఖర్చుల హిసాబ్. ఎన్నడూ చూపించలేదు, వాడు ఎన్నడూ అడగలేదు. వాడు వేలు పెట్టి ఒక్కో లైను చదివాడు. మూడో పేజీలో ఆగాడు.

"మామూ, ట్రైపాడ్ రెండుసార్లు రాసినవ్."

చూశాను. నిజమే. ఖుదా కసమ్, కావాలని రాయలేదు. వాడి పెన్ను తీసుకుని రెండో లైను కొట్టేశాను.