బెతాంకూరియా లోయలో దియేగో మఠం

కానరీ దీవుల్లో ఒకటైన ఫ్వెర్తెవెంతురా ఆఫ్రికా తీరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. పాలన స్పెయిన్‌ది, ఎండా గాలీ మాత్రం సహారావి. తూర్పు తీరంలోని ముఖ్యపట్టణం ప్వెర్తో దెల్ రొసారియోలో కారెక్కి ఆంతీగ్వా దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కింది. చుట్టూ చెట్టన్నది లేని గోధుమరంగు గుట్టలు, అక్కడక్కడా మేకల మందలు. కనుమ దిగగానే లోయలో సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, నాలుగు ఖర్జూరపు చెట్లు. అదే బెతాంకూరియా.

ఇప్పుడు చిన్న పల్లె గానీ, 1834 దాకా ఈ దీవికి ఇదే రాజధాని. 1402లో నార్మండీ నుంచి దండెత్తి వచ్చిన జాన్ ద బెతాంకూర్ రెండేళ్లకు దీన్ని కట్టించి తన పేరే పెట్టుకున్నాడు. సముద్రపు దొంగలకు దూరంగా ఉంటుందని లోపలి లోయను ఎంచుకున్నా, 1593లో వాళ్లు ఇక్కడిదాకా వచ్చి ఊరిని తగలబెట్టారు.

యాత్రికులంతా మరియమ్మ గుడి దగ్గర ఆగిపోతారు. నేను ఊరి ఉత్తరపు చివరకు నడిచాను. అక్కడే సాన్ బ్వెనవెంతురా మఠం తాలూకు చర్చి శిథిలం ఉంది. గోడలూ రాతి తోరణాలూ నిలబడే ఉన్నాయి, పైకప్పు లేదు. టికెట్ లేదు, కాపలా లేదు. ఎదురుగా చిన్న ప్రార్థనాలయం, దాని లోపల ఒక గుహ. ఒకప్పుడు ఈ మఠానికి పెద్దగా ఉన్న పునీత దియేగో అందులో కూర్చుని ప్రార్థన చేసుకునేవాడని ఊరివాళ్ల నమ్మకం.

దియేగో 1400 ప్రాంతంలో సెవిల్ సీమలోని సాన్ నికొలాస్ దెల్ ప్వెర్తోలో పేదింట పుట్టాడు. కొన్నాళ్లు ఏకాంత తపస్సు చేసి, తర్వాత కోర్దోవా దగ్గర ఫ్రాన్సిస్కన్ సభలో చేరాడు. గురుపట్టం పుచ్చుకోలేదు, లే బ్రదర్‌గానే ఉండిపోయాడు. అలాంటి సోదరులు పూజ అర్పించరు, పాపసంకీర్తనం వినరు. వంట, తోటపని, తలుపు దగ్గర కాపు, రోగుల సేవ వాళ్ల వంతు. అలాంటి మనిషిని 1440లలో ఈ మఠానికి పెద్దను చేశారు. గురువులు కూడా ఆయన మాట వినాలి. ఫ్రాన్సిస్కన్లలో ఇది అరుదు.

ఇక్కడ ఆయన ఎవరి మధ్య పనిచేశాడో కూడా చూడాలి. ఈ దీవివాసులు మాహోలు. ఉత్తర ఆఫ్రికా అమాజీగ్ భాషలకు చుట్టమైన మాట వాళ్లది. మేకలు కాసేవారు, వేయించిన బార్లీ పిండి తినేవారు. ఆ పిండిని ‘గోఫియో’ అంటారు. ఊళ్లోని కాఫీ కొట్టులో నాకు మేక జున్నుతో పాటు అదే పెట్టారు. ఆక్రమణ తర్వాత దీవివాసులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మడం మొదలైంది. జ్ఞానస్నానం పొందినవాళ్లనూ వదల్లేదు. చివరికి 1435లో నాలుగో యూజీన్ పోపు దాన్ని నిషేధిస్తూ ఆజ్ఞ ఇవ్వాల్సి వచ్చింది. దియేగో వచ్చింది ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లోనే.

1449 ప్రాంతంలో ఆయన స్పెయిన్‌కు తిరిగి వెళ్లాడు. 1450 జూబిలీ పవిత్ర సంవత్సరానికి రోమ్ వెళ్లినప్పుడు, అక్కడ అంటువ్యాధితో పడిపోయిన సోదరులకు ఆరాచేలీ మఠంలో సేవ చేశాడు. చివరికి అల్కలా దె ఎనారెస్‌లో 1463 నవంబరు 12న కన్నుమూశాడు. పేదలకోసం అంగీలో దాచి తీసుకెళ్తున్న రొట్టెలు, ఎవరో నిలదీసేసరికి గులాబీలయ్యాయని కథ. పేదలకు అన్నం పెడుతున్న దియేగో బొమ్మను ఆ తర్వాత స్పానిష్ చిత్రకారుడు మురిల్యో గీశాడు.

పునీత పట్టం మాత్రం రాజుగారి చలవ. 1562లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కొడుకు దోన్ కార్లోస్ అల్కలాలో మెట్ల మీంచి పడి చావుబతుకుల్లో ఉంటే, దియేగో భౌతికకాయాన్ని మంచం పక్కకు తెచ్చారు. కుర్రవాడు బతికాడు. ఫిలిప్ పట్టుబట్టాడు. 1588లో ఐదో సిక్స్‌టస్ పోపు దియేగోను పునీతుడిగా ప్రకటించాడు.

ఆ పేరు సముద్రాలు కూడా దాటింది. 1602లో స్పానిష్ నావికుడు విస్కాయీనో కాలిఫోర్నియాలో ఒక రేవుకు శాన్ డియాగో అని పేరు పెట్టాడు. 1769లో ఫ్రాన్సిస్కన్ గురువు జునీపెరో సెర్రా అక్కడ ఆ పునీతుడి పేరనే మిషన్ స్థాపించాడు. ఆరేళ్లకే అక్కడి కుమెయాయ్ ప్రజలు తిరగబడి దాన్ని కాల్చేశారు.

తిరుగుదారిలో ఉత్తరపు కనుమ మీద గీసె, అయోసె అనే ఇద్దరు మాహో రాజుల భారీ కంచు విగ్రహాలు కనిపించాయి. వాళ్ల భాష ఇప్పుడు ఊళ్ల పేర్లలో తప్ప లేదు. దియేగో కరుణను నేను శంకించను. కానీ ఆయన మఠానికి చోటు చూపింది దండయాత్రే, ఆయన పేరును కాలిఫోర్నియాకు మోసుకెళ్లిందీ దండయాత్రే. ఈ లోయకు వచ్చినవారు మఠం చూసి వెనుదిరగకుండా ఆ విగ్రహాల దగ్గరా ఆగాలి. శాన్ డియాగోలో ఉంటున్న మన తెలుగువాళ్లకూ ఇదే మాట: మిషన్ తప్పక చూడండి, ఈనాటికీ ఆ ప్రాంతంలోనే బతుకుతున్న కుమెయాయ్‌లు దాని గురించి ఏమంటారో కూడా వినండి.