పాపం, మకడీ

మొన్నటి వానల్లో అమ్మీకి నడుం కుడివైపు ఎర్రగా పొక్కులు లేచాయి. ఒకటే మంట. టోలిచౌకిలో మా గల్లీ మొత్తం ఒకటే ఫైసలా చెప్పేసింది: "మకడీ మూత్ దీ!" ఖాలా పసుపు నూరి పూసింది. పక్కింటి ఆపా దమ్ చేసిన నీళ్లు పంపింది. "బేటా, ముందు గోడలన్నీ దులుపు" అని నాకు హుకుమ్.

దులిపాను. దాదీ ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేది. గార్-ఎ-సౌర్ ముందు మకడీ జాలా అల్లిన కిస్సా చెప్పి, మమ్మల్ని ఒక్కదాన్ని కూడా చంపనిచ్చేది కాదు.

మూడో రోజు డాక్టర్ చూసీ చూడగానే అన్నాడు: "ఒకే వైపు, పట్టీలా వచ్చింది. ఇది సర్పి." చిన్నప్పటి చికెన్‌పాక్స్ వైరస్సే నరాల్లో దాక్కుని ఇన్నేళ్లకు లేచిందట. పొక్కులు కనబడ్డ 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మంచి ఫాయిదా. మేం ఆ టైమంతా మకడీని వెతకడానికే ఖర్చుపెట్టాం.

మకడీ జహర్ కోరల్లో ఉంటుంది. ఒంటి మీద పాకినంత మాత్రాన పొక్కులు రావు. వానాకాలం ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగే చీమలాంటి నలుపు, నారింజ చారల పురుగు వేరే. దాన్ని ఒంటి మీద నలిపితే గీతలా కాలుతుంది. ఊదేయాలి, సబ్బుతో కడగాలి.

మరి ఇంట్లో ఉండేవి? గుస్ల్‌ఖానాలో పరుగెత్తే అరచేతంత మకడీ బొద్దింకల్ని తింటుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ల కనిపిస్తే అది గుడ్ల సంచి, జహర్ కాదు. మూలల్లో సన్న కాళ్లతో వణికేది, గోడ మీద గెంతేది, ఇవీ బేచారాలే. జాగ్రత్తపడాల్సింది బ్రౌన్ విడోతో. ఛత్ మీది పూలకుండీల కింద, ప్లాస్టిక్ కుర్చీల అడుగున చిందరవందర గూడు, ముళ్ల బంతిలాంటి గుడ్ల సంచి, పొట్ట అడుగున డమరుకంలా నారింజ మచ్చ కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు. కరిస్తే కడిగి, దవాఖానాకి వెళ్లాలి. 1899లో గుత్తి పేరుతో లోకానికి తెలిసిన మన నీలి మకడీ కాటు కూడా గట్టిదే. కానీ దాని ఇల్లు అడవిలో చెట్టు తొర్ర, మా ఫ్లాట్ కాదు.

పొక్కులు మాడాయి. నొప్పి మాత్రం పోలేదు. తహజ్జుద్ వేళకి అమ్మీ నడుం పట్టుకుని లేచి కూర్చుంటుంది. నిన్న ఖాలా ఫోన్ చేసింది.

"ఆ మకడీ దొరికిందా బేటా?"