ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు పెద్దలు. జాంగో ఇముడుస్తుంది. పేరు విని సినిమా అనుకునేరు! వెబ్‌సైట్లు కట్టడానికి అమెరికాలో, కాన్సస్‌లోని ఒక పత్రికాఫీసులో పుట్టిన సాధనం అది. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడి పేరు పెట్టారు. 2005లో లోకానికి అందింది. ఒకటికి మించి డేటాబేసులతో పనిచేసే సదుపాయం మాత్రం 2010లో, 1.2 వెర్షన్‌తో వచ్చింది.

ఫైనలియర్ ప్రాజెక్టుగా నాకు ఈ పనే పడింది. విద్యార్థుల వివరాలు పోస్ట్‌గ్రెస్‌లో, మెస్సు లెక్కలు మైఎస్‌క్యూఎల్‌లో. రెండు ఆఫీసులవాళ్ళూ తమ పుస్తకం తమదేనంటారు. కలపమంటే కలపరు, ఒకే తెరమీద చూపించమంటారు!

సెట్టింగ్సులో రెండింటికీ చెరో పేరు పెట్టాలి. ఒకటి ‘డిఫాల్ట్’. ఎవరినీ పేరుపెట్టి పిలవకపోతే పలికే పెద్దకొడుకన్నమాట. రెండోది ‘మెస్’. చదవడానికి ఎటు వెళ్ళాలో, రాయడానికి ఎటు వెళ్ళాలో రౌటర్ అనే చిన్న క్లాసు చెప్తుంది, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే సార్టర్‌లాగా. ఇంతవరకూ సుఖమే.

చిక్కంతా డబ్బు దగ్గర. మెస్సు బాకీ కట్టాడని అక్కడ రాస్తే, ‘బాకీ లేదు’ అని ఇక్కడా పడాలి. ఒకే డేటాబేసైతే ‘అటామిక్’ అన్న ఒక్క మాట చాలు, మధ్యలో కరెంటు పోయినా పని సగంలో ఆగదు. కానీ ఆ మాట ఒక డేటాబేసు గడప దాటదు. రెండింటి మధ్యా ఫారిన్ కీ కూడా కుదరదు. మెస్సు లెక్కలోని రోల్ నంబరు మనిషి అసలున్నాడో లేడో అడిగే నాథుడుండడు.

ఈ సందులో ఇరుక్కునేది అంకె కాదండీ, మనిషి. రసీదు చేతిలో ఉన్నా టి.సి. రాక, ఉద్యోగంలో చేరే గడువు ముంచుకొస్తుంటే వరండాలో నిలబడ్డ సీనియర్ని నేను చూశాను.

అందుకే బాకీ జమ రాసేటప్పుడే, అదే అటామిక్‌లో, ‘అవతల చెప్పాలి’ అని మెస్సు డేటాబేసులోనే ఒక చీటీ రాయించాను. ఐదు నిమిషాలకోసారి ఒక ప్రోగ్రాం ఆ చీటీలు తీసి, ఇవతల బాకీ కొట్టేసి, ‘అయింది’ అని గుర్తు పెడుతుంది. మధ్యలో ఆగిపోతే చీటీ అలాగే ఉంటుంది, మళ్ళీ తీస్తుంది. రసీదు నంబరు చూస్తుంది కాబట్టి ఒకే చీటీ రెండుసార్లొచ్చినా లెక్క ఒక్కసారే.

మా లెక్చరరుగారు అంతా చూసి, “ఆ రెండు ఆఫీసులూ మాట్లాడుకుంటే ఇదంతా అక్కర్లేదు కదటయ్యా!” అన్నారు.

నిజమే సార్. వాళ్ళు మాట్లాడుకునేదాకా మా జూనియర్ల టి.సి.లు ఆగకూడదు కదా!