మూలనపడిన యంత్రం

పనిచేసే యంత్రం అరిగిపోతుందని అందరికీ తెలుసు. పనిలేని యంత్రం అంతకంటె త్వరగా పాడవుతుందన్న సంగతి మాత్రం దానిని నమ్ముకొని బ్రతికేవారికే తెలుస్తుంది. మా మేనమామగారి జనరేటరు వలన ఈ సత్యం నాకు బోధపడినది.

మామయ్యకు మా ఊరిలో చిన్న టెంటుహౌసు ఉన్నది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, దీపాల తోరణాలు, మైకుసెట్టు ఆయన ఆస్తి. కరెంటు పోయిన వేళ వీటికి ప్రాణం పోసేది పెట్రోలుతో నడిచే ఒక చిన్న జనరేటరు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు అది గోదాములో ఒక మూలకు చేరినది. పెళ్ళిళ్ళు లేవు, వలీమాలు లేవు, సభలు లేవు. నెలల తరబడి ఆ వృత్తి వలన ఇంటికి రూపాయి రాలేదు. ఆ డిసెంబరులో ఒక వలీమా విందుకు బయానా అందినది. అందిన రోజుననే కిరాణా కొట్టు బాకీ క్రింద వెళ్ళిపోయినది. విందుకు రెండు రోజుల ముందు జనరేటరు బయటకు తీసి, తాడు ఎన్నిమార్లు లాగినా అది ఉలకలేదు, పలకలేదు. ఒక వర్క్‌షాపువారు చూసి, కార్బురేటరు, కాయిలు రెండూ కొత్తవి వేయాలని పెద్ద మొత్తం చెప్పారు. అంత సొమ్ము లేదు. బయానా తిరిగి ఇచ్చే దారీ లేదు.

అప్పుడు బస్టాండు వెనుక షెడ్డులో పనిచేసే ఒక వృద్ధుని పిలిపించాము. ఊరంతా ఆయనను ఉస్తాద్ అనే అంటుంది. ఆయన తాడు ముట్టుకోలేదు. యంత్రం ముందు గొంతుకూర్చొని, “ఇంజనుకు కావలసినవి నాలుగే బేటా. తిండి, గాలి, నిప్పు, బిగువు. ఏది లేదో దానినే అడుగుదాం” అన్నారు.

మొదట ఖర్చులేని పరీక్షలు. స్విచ్చి, పెట్రోలు కాక్ చూశారు. తరువాత ఆయిలు పుల్ల తీసి చూశారు. ఇటువంటి యంత్రాలలో పెక్కింటికి ఆయిలు తగ్గితే నిప్పును ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. ఏటవాలు నేలమీద ఉంచినా అది ఆపివేయవచ్చు. తెలియనివారు ఇంజను చచ్చినదని అనుకుంటారు. మా యంత్రంలో ఆయిలు నల్లబడినది గాని, గీత వరకు ఉన్నది. తాడు లాగితే చేతికి తగిన బరువు తగిలినది. కనుక బిగువు ఉన్నది. గాలి వడపోతలోని దుమ్ము దులిపారు.

పిదప ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టి, “తడిగా ఉందా?” అని అడిగారు. పొడిగా ఉన్నది. అన్నిమార్లు తాడు లాగిన తరువాత అది పెట్రోలుతో తడిసి ఉండాలి. తడి లేదంటే తిండి లోపలికి పోవడం లేదన్నమాట. అయినను ఆయన తొందరపడలేదు. ప్లగ్గు శుభ్రపరచి, సందు సుమారు 0.7 మిల్లీమీటర్లకు సరిచేసి, పెట్రోలుకు దూరంగా ఇంజను లోహానికి ఆనించి తాడు లాగించారు. నీలపు రవ్వ మెరిసినది. కాయిలు మార్చే పని లేదని తేలిపోయినది.

మిగిలినది తిండి. నిలవ పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోతుంది. మిగిలినది గాలితో కలిసి బంకగా మారుతుంది. కార్బురేటరు గిన్నె విప్పగా అడుగున తుమ్మజిగురు వంటి పదార్థం పేరుకొని ఉన్నది. ఆవగింజ కూడా పట్టని జెట్టు రంధ్రం పూర్తిగా మూసుకొనిపోయినది. ఉక్కుసూదితో పొడిస్తే ఇత్తడి రంధ్రం పెద్దదవుతుందని, తీగలోని ఒక్క సన్నని రాగిపోగుతో, శుభ్రపరచే ద్రవంతో ఆయన దానిని తెరిచారు. నేటివారికి మరొక జాగ్రత్త అవసరం. 2023 నుండి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మన బంకులలోనికి వచ్చినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. హద్దు మీరితే ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది.

ఈ జబ్బు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో ఇల్లువంటి మోటారు బండ్లను చలికాలమంతా కదపకుండా నిలిపేవారు పెక్కుమంది. వసంతంలో ఆ బండ్ల జనరేటర్లకు పట్టేదీ ఈ బంక రోగమే. పైగా బండి ట్యాంకు నుండే పెట్రోలు తీసుకొనే జనరేటరు గొట్టం తరచు అడుగు వరకు పోదు. సుమారు పావు ట్యాంకు మిగిలేచోట ఆగిపోతుంది. దీపాల కొరకు పెట్రోలంతా ఖర్చై, బండి నిర్జనప్రదేశంలో నిలిచిపోకూడదని ఆ ఏర్పాటు. అక్కడ కూడా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తిండి అందుతున్నదా?

కొత్త పెట్రోలు పోయగా మూడవ లాగుకు ఇంజను నడిచినది. కాని బల్బు వెలగలేదు! మామయ్య ముఖం పాలిపోయినది. ఉస్తాద్ నవ్వి, “ఇనుము తన యాద్ మరచిపోయింది” అన్నారు. నేను పుస్తకంలో చదివిన పాఠం ఆ మాటలో వినిపించినది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం విద్యుత్తు పుట్టాలంటే అయస్కాంతక్షేత్రం కావాలి. ఇటువంటి జనరేటరు ఆ క్షేత్రాన్ని తన విద్యుత్తుతోనే పెంచుకొంటుంది. ఆరంభానికి మాత్రం ఇనుములో మిగిలిన స్వల్ప అయస్కాంతత్వమే ఆధారం. 1866లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ డైనమోను ఈ సూత్రం మీదనే నిర్మించాడు. ఎక్కువకాలం మూలనపడితే ఆ కొద్దిపాటి శక్తీ సన్నగిల్లవచ్చు. ఉస్తాద్ మోటారుసైకిలు బ్యాటరీ తెప్పించి, ధన ఋణాలు సరిచూసి, క్షేత్రపు చుట్టకు క్షణకాలం 12 వోల్టులు తగిలించారు. బల్బు వెలిగినది. మీటరు 230 వోల్టులు చూపినది.

వలీమా దీపకాంతులతో జరిగినది. మామయ్యకు మిగిలిన సొమ్ము అందినది. ఉస్తాద్ తీసుకొన్నది ఒక పూట కూలి మాత్రమే. వెళ్ళేముందు ఆయన చెప్పిన నియమాలను మామయ్య గోదాము గోడమీద వ్రాయించారు: నిలవ ఉంచే ముందు ట్యాంకు ఖాళీ చేయాలి, కార్బురేటరులోని పెట్రోలు అయిపోయి ఇంజను తానే ఆగేదాకా నడపాలి, ఆయిలు మార్చాలి. వాడుకలో ఉంచదలిస్తే నెలకొకమారు దీపాల బరువుతో అరగంట నడపాలి. నడపడం ఎల్లప్పుడూ ఆరుబయటనే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, మూసిన గదిలో అది ప్రాణాలు తీస్తుంది.

సెలవులలో మన ప్రయోగశాలల పరికరాలు కూడా మూలననే ఉంటాయి. నెలకొకమారు వాటిని తెరిచి నడిపే బాధ్యతను విద్యార్థులకు వంతులవారీగా అప్పగించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాను. పరికరాలు దక్కుతాయి. ఉస్తాద్ ఆ సాయంత్రం నాకు నేర్పినది, అనగా దేనినీ మార్చకముందు ప్రతిదానినీ వరుసగా అడిగి తెలుసుకొనడం, మన మిత్రులకు చేతులతోనే అలవడుతుంది.