తొక్కితే వెలిగే దీపం

మా చిన్నప్పుడు గన్నవరం చుట్టుపక్కల ఊళ్ళల్లో సగం బతుకు చీకట్లోనే నడిచేది. కాలువ నీళ్ళ వంతు అర్ధరాత్రి వచ్చిందంటే ఆ అర్ధరాత్రే పార పట్టుకుని పొలానికి వెళ్ళాలి. పాలక్యాన్లు తెల్లారేసరికి బెజవాడ చేరాలి. వేసవిలో ఆగిరిపల్లి, నూజివీడు వైపు తోటల మామిడికాయలు కోడికూతకు ముందే రోడ్డెక్కేవి. సినిమా రెండో ఆట వదిలేసరికి ఒంటిగంట అయ్యేది. ఈ రాకపోకల్లో చాలామటుకు సైకిళ్ళ మీదే. 1970లలో సెంటరు దాటితే వీధిదీపం కనిపించేది కాదు. ఉన్నచోట కూడా కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే సైకిలున్న ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ధాన్యం ధర గురించి మాట్లాడుకున్నంత శ్రద్ధగా, చక్రం తిరిగితే దీపం వెలిగించే డైనమో గురించి మాట్లాడుకునేవాళ్ళు.

మాకు రెండు దారులు. ఒకటి మద్రాసు–కలకత్తా ట్రంకు రోడ్డు, అప్పటి 5వ నంబరు జాతీయ రహదారి. రెండోది ఏలూరు కాలువ గట్టు. రోడ్డు మీద లారీ ఎదురైతే దాని లైట్లకు కళ్ళు బైర్లు కమ్మేవి. అది దాటిపోయాక కాసేపు మన ముందు చక్రమే మనకు కనిపించదు. అసలు భయం వెనకనుంచి వచ్చే బండితో. గట్టు మీద లారీల బెడద లేదు గానీ, ఎడ్లబండ్ల చక్రాలు కోసిన గాడులు, వాన పడితే జారిపోయే నల్లమట్టి, దారికడ్డంగా పాకే పాములు, పక్కనే నిండుగా పారే కాలువ. రోడ్డు మీద మనం ఎదుటివాళ్ళకు కనపడాలి. గట్టు మీద దారి మనకు కనపడాలి. డైనమో సెట్టు ఎంచుకోవడంలో కిటుకంతా ఈ రెండు అవసరాల్లోనే ఉంది.

అంతకుముందు తాతయ్య సైకిలుకు కిరసనాయిలు దీపం ఉండేదట. తర్వాత వచ్చిన కార్బైడు దీపాన్ని నేను చూశాను. పై అరలో నీళ్ళు, కింది అరలో కార్బైడు రాళ్ళు. మర తిప్పితే నీళ్ళు చుక్కచుక్కగా రాళ్ళ మీద పడి గ్యాసు పుడుతుంది. అగ్గిపుల్ల చూపిస్తే తెల్లటి మంట. వెలుగు బాగానే వచ్చేది గానీ కంపు భరించలేం. పైగా రోజూ ఆ బూడిదంతా కడిగి ఆరబెట్టాలి. కొందరు బ్యాటరీలైటును పాత ట్యూబు ముక్కతో హ్యాండిలుకు బిగించి కట్టుకునేవాళ్ళు. సెల్లులు అయిపోవస్తే వాటిని ఎండలో పెట్టి, ఇంకో రెండు రాత్రులు లాక్కొచ్చేవాళ్ళు. డైనమోకు నూనె అక్కర్లేదు, సెల్లులు అక్కర్లేదు. కాళ్ళలో సత్తువ ఉన్నంతసేపు దీపం ఉంటుంది.

నాన్న బడిపంతులు. బడి, ఆ తర్వాత ట్యూషన్లు ముగించుకుని ఇంటికి బయల్దేరేసరికి చీకటిపడేది. డైనమో కొనాలని నిశ్చయించుకున్నాక నన్ను వెంటబెట్టుకుని సెంటర్లో సైకిలు షాపుకు వెళ్ళారు. అక్కడి మేస్త్రీ పెట్టె తెరవకముందే ఒక మాట అడిగాడు.

"మాస్టారూ, రాత్రిళ్ళు ఏ దారిన వస్తుంటారు?"

"సగం రోడ్డు, సగం గట్టు."

"అయితే వెనక లైటు లేని సెట్టు మీకు ఇవ్వనండి. ధర తక్కువని చాలామంది ముందు లైటొక్కటే పట్టుకెళ్తున్నారు. వెనక వచ్చే లారీవాడికి అది కనపడుతుందాండీ?"

ఆ తర్వాత రెండు డైనమోలు తీసి నాన్న చేతిలో పెట్టాడు. రెండూ సీసా ఆకారంలో నిగనిగలాడుతున్నాయి. రెండిటి మీదా 6 వోల్టులని ఉంది. పైన టైరుకు రాసుకునే చిన్న చక్రాన్ని వేళ్ళతో తిప్పి చూడమన్నాడు. లోపల అయస్కాంతం బలంగా ఉంటే ఆ చక్రం నున్నగా తిరగదు, మెట్టుమెట్టుగా ఆగి ఆగి కదులుతుంది. ఆ పట్టు వేళ్ళకు తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని అటూ ఇటూ ఊపమన్నాడు. ఇరుసు ఏమాత్రం కదిలినా ఆ డైనమో ఒక వానాకాలం కూడా నిలవదన్నాడు. ముందు లైటు గిన్నె లోపలి మెరుగు చూపించి, అక్కడ వేలు పెట్టొద్దని నన్ను హెచ్చరించాడు. ఆ మెరుగు పోతే బల్బు ఎంత వెలిగినా వెలుగు రోడ్డు దాకా పోదు. అద్దం మీద నిలువు గీతలున్న లైటు వెలుగును పక్కలకు పరుస్తుంది, గట్టు మీద అంచు కనపడాలంటే అదే మేలని దాన్నే తీయించాడు.

డైనమోను ముందు ఫోర్కుకు బిగిస్తే వైరు పొట్టిగా సరిపోతుంది. కానీ క్లాంపు వదులైతే అది ఊచల్లోకి జారి ముందు చక్రం బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిలు మీదనుంచి ఎగిరి పడతాడు. అందుకని మేస్త్రీ వెనక చక్రం దగ్గరే బిగించాడు. బిగించేటప్పుడు ఒక దారం తీసి, డైనమో నడిమధ్యనుంచి చక్రం ఇరుసు దాకా లాగి చూశాడు. డైనమో నిలువు గీత కచ్చితంగా ఇరుసు వైపు చూడాలి. కాస్త పక్కకు వాలినా అది టైరు పక్కను కోసేస్తుంది, తొక్కుడు బరువవుతుంది. లైటుకు ఒక్క వైరే వెళ్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది. కరెంటు తిరిగి వచ్చేది సైకిలు ఇనుము గుండానట. అందుకే క్లాంపులో మొనదేలిన స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని బిగించి పెయింటు చీల్చి, మొన ఇనుముకు తాకేట్టు చేశాడు. స్టాండు వేసి పెడలు తిప్పితే షాపు గోడ మీద పచ్చటి వెలుగు పడింది.

ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ర్యాలీ సైకిలుండేది. దానికి సీసా డైనమో కనపడదు, చప్పుడు వినపడదు, అయినా లైటు వెలిగేది. రహస్యం చక్రం నడిమధ్యనున్న లావాటి హబ్బులో ఉంది. నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1930లలో తెచ్చిన డైనోహబ్ అది. లోపల తీగచుట్ట కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ అయస్కాంతపు ఉంగరం చక్రంతోపాటు తిరుగుతుంది. 6 వోల్టులు, 2 వాట్లు. సీసా డైనమోలో మాదిరి టైరుతో రాపిడి లేదు కాబట్టి వానలో జారదు, టైరు అరగదు. మరి అందరూ అదే ఎందుకు కొనుక్కోరని మేస్త్రీని అడిగాను. చక్రం మొత్తం దాని కోసం కొత్తగా ఊచలు అల్లాలి, అంత ఖరీదు ఎవరు పెడతారన్నాడు. ఇంకోటి చెప్పాడు. ఆ హబ్బును ఊరికే విప్పకూడదు. అయస్కాంతాన్ని లోపలి తీగచుట్ట ఉన్న ఇనుము నుంచి లాగేటప్పుడు, ఆ ఇనుము చోట్లో మరో ఇనుప ముక్క పెట్టకపోతే అయస్కాంతం బలం చాలావరకు అక్కడికక్కడే పోతుంది. మళ్ళీ బిగించినా దీపం మిణుకుమిణుకుమంటుంది. సంగతి తెలియని చేతుల్లో పడి అలా పాడైన హబ్బులున్నాయట.

డైనమోలో కరెంటు ఎలా పుడుతుందో చెప్పే, 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రాన్ని బడిలో తర్వాత చదువుకున్నాను. కానీ కాలువ వంతెన దిగుడులోనే అది నాకు అర్థమైంది. వంతెన ఎక్కేటప్పుడు సైకిలు నిదానించి దీపం ఎర్రగా మసకబారేది. దిగేటప్పుడు తెల్లగా కళ్ళు చెదిరేట్టు వెలిగేది. ఆ జోరులోనే బల్బులు కాలిపోతాయి. ముందు బల్బుకు 2.4 వాట్లు, వెనక దానికి 0.6 వాట్లు, ఆ రెండూ కలిస్తే డైనమో ఇచ్చే 3 వాట్లు. ముందుది కాలిందంటే కరెంటంతా వెనక చిన్న బల్బు మీద పడి, రెప్పపాటులో అదీ పోతుంది. అందుకే నాన్న సీటు కింద సంచిలో రెండు బల్బులు దూదిలో చుట్టి ఉంచేవారు. దిగుడు వస్తే ముందే బ్రేకు పట్టేవారు.

రాత్రి ప్రయాణానికి ఒక మర్యాద కూడా ఉండేది. అది పెదఅవుటపల్లి తిరునాళ్ళనుంచి వచ్చేటప్పుడు బాగా కనపడేది. ఆ ఊళ్ళో క్రైస్తవ భక్తుడు బ్రదర్ జోసఫ్ తంబి 1945 జనవరిలో కన్నుమూశారు. ఏటా ఆ నెలలో ఆయన పేరున జరిగే తిరునాళ్ళకు మా ఊళ్ళనుంచి కులం, మతం చూసుకోకుండా వెళ్ళేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో పదిమంది సైకిళ్ళు కట్టకట్టుకుని వచ్చేవి. వెనక లైటున్నవాడు అందరికంటే వెనక, ముందు లైటు బాగున్నవాడు అందరికంటే ముందు, దీపం లేనివాళ్ళు మధ్యలో. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆ వరుస కుదిరేది. ఒకరి కాళ్ళ కష్టంతో వచ్చిన వెలుగులో ఇంకొకరు క్షేమంగా ఇల్లు చేరేవారు.

మా ప్రాంతంలో సైకిలంటే తక్కువ చూపు లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1955, 1962, 1978 ఎన్నికల్లో గన్నవరం నుంచి శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్యగారు, పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్ళేవారు. పార్లమెంటు సభ్యుడు ఎక్కిన వాహనం మాకు చిన్నదెలా అవుతుంది? సైకిలు తొక్కే మనిషికి లైటు, బెల్లు, బ్రేకు సరిగ్గా ఉండాలని మా పెద్దలు పట్టుబట్టడంలో ఆ గౌరవం కూడా కలిసి ఉంది.

ఇప్పుడు ఆ రోడ్డు 16వ నంబరు జాతీయ రహదారి. లారీల జోరు అప్పటికి ఎన్నో రెట్లు. గన్నవరం విమానాశ్రయం ముందు రాత్రంతా వెలుగే. కానీ ఆ పక్కనే పనులు ముగించుకుని సైకిళ్ళ మీద ఇళ్ళకు పోయే కూలీలు, వాచ్‌మన్లు, కూరగాయలవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళల్లో చాలామంది సైకిళ్ళకు ముందూ వెనకా ఏ దీపమూ లేదు. కొత్త సైకిలు దీపం లేకుండానే షాపులోంచి బయటికొస్తోంది. దీపం కావాలంటే విడిగా కొనుక్కోవాలి, కొనుక్కోలేనివాడికే రాత్రి ప్రయాణం ఎక్కువ.

ఇది సాంకేతిక సమస్య ఎంతమాత్రం కాదు. ఈనాటి హబ్బు డైనమోలు గంటకు 15 కిలోమీటర్ల వేగంలోనే 6 వోల్టులు, 3 వాట్లు ఇస్తాయి. పాత బల్బు ఆ 3 వాట్లలో ఎక్కువ భాగం వేడిగా పోగొట్టేది. ఎల్‌ఈడీ దీపానికి అంతే కరెంటు ఇస్తే వెలుగు దారంతా పరుచుకుంటుంది. పాత డైనమో లైటు మనం ఆగగానే ఆరిపోయేది. సరిగ్గా రోడ్డు దాటడానికి కాలు కింద పెట్టిన క్షణంలో. ఇప్పటి దీపాల్లో చిన్న కెపాసిటరు కరెంటు దాచిపెట్టి, సైకిలు ఆగాక కూడా కొన్ని నిమిషాలు వెలిగిస్తుంది. జర్మనీలో 2013 దాకా మామూలు సైకిళ్ళకు డైనమో దీపం చట్టప్రకారం తప్పనిసరి. బ్యాటరీ దీపాలకు అక్కడ ఆ తర్వాతే అనుమతి దొరికింది. హబ్బు డైనమో ఖరీదు మనవాళ్ళకు ఇంకా ఎక్కువే. అది కొనలేనివాళ్ళకు ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, వెనక మడ్‌గార్డుకు మెరిసే బిళ్ళ ఉన్నా ప్రాణం నిలుస్తుంది.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం ఆమధ్య "బడికొస్తా" పేరుతో సైకిళ్ళిచ్చింది. ఎంత మంచి పని! అలాంటి పిల్లలు చలికాలంలో ప్రత్యేక తరగతులు ముగించుకుని వచ్చేసరికి చీకటిపడుతుంది. వాళ్ళకిచ్చే ప్రతి సైకిలుకూ వెనక ఎర్రదీపం బిగించే ఇవ్వాలి. పిల్లలకు సైకిళ్ళు కొనిపెట్టే తల్లిదండ్రులు, ఊరికి సైకిళ్ళు పంచే దాతలు, అమ్మే షాపులవాళ్ళు ముందుగా చూడాల్సింది రంగూ గేర్లూ కాదు, ఆ మనిషి రాత్రి ఏ దారిన ఇంటికి వస్తాడన్నది. సైకిలు ధరలోనే దీపం ధర కలిసి ఉండాలి, బ్రేకు ధర కలిసి ఉన్నట్టే.